జపాన్‌లో రైళ్లు, బస్సులు, పడవలు: ఏ కంపెనీ ఎక్కడిదాకా?

జపాన్‌లో బండి దొరకడం కష్టం కాదు. రైలు టైముకు వస్తుంది, బస్సు టైముకు వస్తుంది, బోర్డుల మీద ఇంగ్లీషు ఉంటుంది. కొత్తగా వెళ్లినవాళ్లు ఇరుక్కునేది గేటు దగ్గర. కార్డు తాకిస్తే ఎర్రలైటు వెలుగుతుంది, టికెట్టు పెడితే రెక్కలు మూసుకుంటాయి, పాసు చూపిస్తే ఇక్కడ చెల్లదంటారు. నేను వెళ్లిన ప్రతిసారీ చూసినవన్నీ కలిపి ఆలోచిస్తే వీటన్నిటికీ కారణం ఒక్కటే అనిపిస్తుంది. మనం ఒక కంపెనీ హద్దు దాటి ఇంకో కంపెనీ హద్దులో అడుగుపెట్టాం, ఆ సంగతి మనకు తెలియలేదు.

మనకు రైలంటే ఒకటే రైల్వే. సికింద్రాబాదులో ఎక్కి గౌహతిలో దిగినా టికెట్టు ఒకటే. జపాన్‌లో 1987 ఏప్రిల్ 1న జాతీయ రైల్వేను విడగొట్టారు. ప్రయాణికుల రైళ్లు హొక్కాయ్‌డో, తూర్పు, మధ్య, పశ్చిమ, షికోకు, క్యూషూ అని ఆరు కంపెనీలకు వెళ్లాయి, గూడ్సు ఏడో కంపెనీకి వెళ్లింది. వీటన్నిటినీ కలిపి జేఆర్ అంటారు. ఇవి కాక కేయో, ఒదాక్యూ, హాంక్యూ, కింతెత్సు లాంటి ప్రైవేటు రైల్వేలు బోలెడు. వాటి పట్టాలు వాటివే, స్టేషన్లు వాటివే, ఛార్జీలూ వాటివే. నగరాల సబ్‌వేలు మళ్లీ వేరు. టోక్యోలో ఆ సబ్‌వే కూడా ఒకటి కాదు. టోక్యో మెట్రో ఒక సంస్థ, తోయెయ్ ఇంకో సంస్థ. ఎక్కే ముందు "ఇది ఎవరి రైలు?" అని ఒక్కసారి చూసుకోవడం అలవాటైతే మిగతాది సులువు.

మొదటి పని కార్డు

విమానాశ్రయంలో దిగగానే ముందే డబ్బు వేసుకుని గేటుకు తాకించే సుయికా గానీ పాస్మో గానీ తీసుకోండి. ఓసాకాలో దిగితే ఇకోకా దొరుకుతుంది. ఇలాంటివి మొత్తం పది రకాలున్నాయి. 2013 నుంచి ఒకదాని బదులు ఇంకొకటి పనిచేస్తున్నాయి కాబట్టి ఏది కొన్నా ఫరవాలేదు. మామూలు సుయికాకు 500 యెన్లు డిపాజిట్టు. అందులో 20,000 యెన్ల దాకా డబ్బు వేసుకోవచ్చు. పర్యాటకుల కోసం పెట్టిన వెల్‌కమ్ సుయికాకు డిపాజిట్టు లేదు, 28 రోజులు చెల్లుతుంది, మిగిలిన డబ్బు మాత్రం వెనక్కి రాదు. చిప్పుల కొరతవల్ల 2023లో మామూలు కార్డుల అమ్మకం ఆపేశారు, 2025 మార్చిలో మళ్లీ మొదలుపెట్టారు. పాత వ్యాసాల్లో కార్డులు దొరకడం లేదని చదివి బెంగపడొద్దు.

ఫోనులోనే కార్డు పెట్టుకోవచ్చు కదా అంటే, మనవాళ్లకు అది అంత కలిసిరాదు. జపాన్ బయట కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ సదుపాయం పనిచేయదు. ఐఫోనులో పనిచేస్తుంది కానీ మన బ్యాంకు కార్డులు ఆపిల్ పేలో చేరవు కాబట్టి ఫోను నుంచే డబ్బు వేయడం కుదరదు. ప్లాస్టిక్ కార్డే మేలు. దాంట్లో డబ్బు వేసే యంత్రాలు చాలామటుకు నగదే తీసుకుంటాయి. అందుకని చేతిలో ఎప్పుడూ నాలుగైదు వెయ్యి యెన్ల నోట్లు ఉండాలి. సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లో ఉండే ఏటీఎంలు మన వీసా, మాస్టర్ డెబిట్ కార్డులు తీసుకుంటాయి. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసుకోవాలి. మనవాళ్లలో ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.

మనిషికో కార్డు ఉండి తీరాలి. గేటు లోపలికి వెళ్లినప్పుడు కార్డులో ఆ స్టేషను గుర్తు పడుతుంది, బయటికి వచ్చేటప్పుడు దాన్నిబట్టి ఛార్జీ కోస్తుంది. ఒకే కార్డును ఇద్దరికి తాకిస్తే రెండో మనిషికి గేటు తెరుచుకోదు. పిల్లలకు ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా సగం ఛార్జీ. పిల్లల కార్డు కావాలంటే కౌంటర్లో పాస్‌పోర్టు చూపించాలి. ఆరేళ్ల లోపువాళ్లు పెద్దవాళ్లు ఒక్కొక్కరి వెంట ఇద్దరిదాకా ఉచితం. వాళ్లకు విడిగా రిజర్వు సీటు కావాలంటే మాత్రం పిల్లల ఛార్జీ కట్టాలి.

ఇక హద్దు సంగతి. కార్డు దేశమంతటా చెల్లుతుందన్నది నిజమే, కానీ ఎక్కడం దిగడం రెండూ ఒకే ప్రాంతంలో ఉండాలి. టోక్యో నుంచి తొకైదో మామూలు లైను మీద పడమటికి వెళ్తుంటే అతామిలో తూర్పు జేఆర్ అయిపోయి మధ్య జేఆర్ మొదలవుతుంది. పట్టాలు తెగవు, కిటికీలోంచి చూస్తే ఏ తేడా కనబడదు. టోక్యోలో కార్డు తాకించి ఎక్కి షిజుఒకాలో దిగితే మాత్రం గేటు తెరుచుకోదు. పక్కనున్న సిబ్బంది దగ్గరికి వెళ్తే మొత్తం ఛార్జీ నగదుగా తీసుకుని ఒక చిన్న కాగితం ఇస్తారు. దాన్ని పారేయకండి. కార్డులో "లోపలికి వెళ్లాడు" అన్న గుర్తు అలాగే ఉండిపోతుంది. మళ్లీ టోక్యో ప్రాంతానికి వచ్చాక ఆ కాగితం చూపించి గుర్తు తీయించుకునేదాకా ఆ కార్డు ఏ గేటులోనూ పనిచేయదు. అసలు కార్డు తాకించే యంత్రమే లేని పల్లె స్టేషనులో దిగినా ఇదే కథ. అందుకే గంటకు మించిన ప్రయాణమైతే కార్డు వదిలేసి, దిగే స్టేషను పేరు చెప్పి కాగితపు టికెట్టు కొనండి. ఎంత ఛార్జీయో తేలకపోతే అన్నిటికన్నా తక్కువ ధర టికెట్టు కొని ఎక్కేయొచ్చు. దిగాక గేటుకు ఇవతలే ఛార్జీ సర్దుబాటు యంత్రం ఉంటుంది, తక్కువైన డబ్బు అందులో కడితే బయటికి వెళ్లే టికెట్టు ఇస్తుంది. ఇందులో జరిమానా ఏమీ ఉండదు. మన దగ్గర టికెట్టు లేని స్టేషను దాకా వెళ్తే టీసీ ఏమంటాడో అనే భయం అక్కడ పెట్టుకోనక్కర్లేదు.

నగరం లోపల

సబ్‌వేలో దారి చూసుకోవడానికి స్టేషను పేర్లు గుర్తుపెట్టుకోకండి, నంబరు చూడండి. ప్రతి లైనుకూ ఒక రంగు, ఒక అక్షరం, ప్రతి స్టేషనుకూ ఒక అంకె ఉంటాయి. గింజా లైనులో గింజా స్టేషను 09. మీరు 09లో ఎక్కారు, 16కి వెళ్లాలి అంటే అంకెలు పెరిగే వైపు రైలెక్కాలి. అంతే. గూగుల్ మ్యాప్స్ ప్లాట్‌ఫారం నంబరు, ఏ పెట్టెలో ఎక్కితే మెట్లకు దగ్గరో, ఏ నంబరు గేటులోంచి బయటికి రావాలో కూడా చెబుతుంది. ఆ చివరిది నిర్లక్ష్యం చేయొద్దు. షింజుకు స్టేషనుకు బయటికి వెళ్లే దారులు 200కు పైగా ఉన్నాయి. తప్పు దారిలో పైకి వస్తే హోటలు కళ్లెదుటే కనబడుతున్నా పట్టాలు దాటి అటు వెళ్లడానికి పావుగంట నడవాలి.

ఒక సంస్థ సబ్‌వేలోంచి ఇంకో సంస్థ సబ్‌వేలోకి మారితే రెండు ఛార్జీలు పడతాయి. టోక్యో మెట్రో నుంచి తోయెయ్‌కి మారితే మొత్తంలో 70 యెన్లు తగ్గిస్తారు, అంతే. మెట్రోలో మెట్రోకే మారుతున్నా కొన్నిచోట్ల గేటు బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లాలి. గంటలోపు వెళ్తే ఒకే ప్రయాణంగా లెక్కిస్తుంది. కాగితపు టికెట్టుతో మారేవాళ్లు మాత్రం నారింజ రంగు గేటులోంచే రావాలి. మామూలు గేటులో పెడితే టికెట్టును మింగేస్తుంది.

రైలు రకాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ప్రతి స్టేషనులో ఆగేది, కొన్ని వదిలేసేది, ఎక్కువ వదిలేసేది అని ఒకే ప్లాట్‌ఫారం మీదికి వరసగా వస్తాయి. అన్నిటికన్నా వేగంగా వెళ్లేదాన్ని తొక్క్యూ అంటారు. హాంక్యూలో, కేయోలో తొక్క్యూకు మామూలు ఛార్జీ చాలు. జేఆర్‌లో తొక్క్యూ ఎక్కితే దూరపు ఛార్జీ మీద విడిగా ఎక్స్‌ప్రెస్ టికెట్టు ఉండాలి. కింతెత్సులోనూ అంతే. పేరు ఒకటే, కంపెనీని బట్టి అర్థం వేరు. టికెట్టు లేకుండా ఎక్కితే లోపలికి వచ్చిన సిబ్బంది మర్యాదగానే తేడా వసూలు చేస్తారు, మన బడ్జెట్టు మాత్రం దెబ్బతింటుంది. దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ క్యోటో, ఓసాకాల మధ్య జేఆర్ షిన్‌కాయ్‌సోకు. అది మామూలు ఛార్జీతోనే అరగంటలో చేరుస్తుంది. ఆ దూరానికి బుల్లెట్ రైలు షింకాన్‌సెన్ ఎక్కేవాళ్లను చూస్తే నాకు ఆపి చెప్పాలనిపిస్తుంది.

రాత్రి పన్నెండు, ఒంటిగంట మధ్య చివరి రైళ్లు వెళ్లిపోతాయి. మళ్లీ తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు దాకా ఏమీ ఉండవు. మధ్యలో దిక్కు టాక్సీయే. టోక్యోలో మొదటి 1.096 కిలోమీటర్లకు 500 యెన్లు, ఆపైన 255 మీటర్లకోసారి 100 యెన్లు. రాత్రి పది నుంచి ఐదు దాకా మరో 20 శాతం కలుస్తుంది. ఎడమవైపు వెనక తలుపు డ్రైవరే మీట నొక్కి తెరుస్తాడు, మూస్తాడు. చెయ్యి పెట్టకుండా పక్కకు నిలబడండి.

షింకాన్‌సెన్: టికెట్టు రెండు ముక్కలు

టోక్యో, షిన్-ఓసాకాల మధ్య తొకైదో షింకాన్‌సెన్ 1964 అక్టోబరు 1న మొదలైంది. ఇప్పుడు గంటకు 285 కిలోమీటర్ల వేగంతో నోజోమి రైలు సుమారు రెండున్నర గంటల్లో చేరుతుంది. హికారి ఇంకాస్త ఆలస్యంగా, కొదామా ప్రతి స్టేషనులో ఆగుతూ నాలుగు గంటలకు చేరుతాయి. ఏది ఎక్కినా ఛార్జీ రెండు భాగాలు. మొదటిది దూరానికి కట్టే మూల టికెట్టు. రెండోది ఆ వేగానికి, సీటుకు కట్టే ఎక్స్‌ప్రెస్ టికెట్టు. కౌంటర్లో కొంటే రెండు కాగితాలు రావచ్చు. గేటులో రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి దూర్చాలి, అవతలివైపు రెండూ తీసుకోవాలి. ఒక్కటే పెట్టి గేటు మూసుకుపోయి కంగారుపడే మనుషులు ప్రతి స్టేషనులోనూ కనిపిస్తారు. ఊళ్లో రైలెక్కి వచ్చి అక్కడే షింకాన్‌సెన్‌కు మారుతుంటే, మధ్య గేటులో ముందు కాగితాలు పెట్టి ఆ వెంటనే కార్డు తాకించాలి. అప్పుడే ఊరి ఛార్జీ లెక్క ముగుస్తుంది.

ఆ మూల టికెట్టులో చాలామందికి తెలియని లాభం ఒకటుంది. టోక్యో నుంచి 200 కిలోమీటర్లు దాటిన ప్రయాణమైతే దాని మీద "టోక్యో" అని కాకుండా "టోక్యో-టో కునాయ్" అని ఉంటుంది, అంటే టోక్యో 23 వార్డుల్లో ఏ జేఆర్ స్టేషనైనా అని అర్థం. షింజుకు దగ్గర హోటలుంటే అక్కడి జేఆర్ గేటులోనే ఈ టికెట్టు పెట్టి లోపలికి వెళ్లొచ్చు, కార్డు తాకించి విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. క్యోటో, ఓసాకా లాంటి చోట్ల దిగే వైపు కూడా నగరమంతటికీ వర్తిస్తుంది. సబ్‌వే వేరే కంపెనీ కాబట్టి దానికి వర్తించదు. షింకాన్‌సెన్ టికెట్లు అమ్మే స్మార్ట్ ఈఎక్స్ యాప్‌లో కొన్న టికెట్టుకు కూడా ఈ లాభం లేదు, అది షింకాన్‌సెన్ గేటు నుంచి గేటు దాకా మాత్రమే. యాప్‌లో రిజర్వు సీటు 200 యెన్లు చవక, రైలు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఊరి చివర బసైతే కాగితం, టోక్యో స్టేషను పక్కనే బసైతే యాప్ అన్నది నేను పాటించే లెక్క.

టికెట్ల అమ్మకం సరిగ్గా నెల ముందు పొద్దున పదింటికి మొదలవుతుంది. వెయిటింగు లిస్టు, చార్టు, పేరు, ఐడీ కార్డు ఏవీ ఉండవు. నోజోమి పది నిమిషాలకోటి నడుస్తుంది కాబట్టి మామూలు రోజుల్లో అప్పటికప్పుడు కొన్నా దొరుకుతుంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే గోల్డెన్ వీక్, ఆగస్టు నడిమధ్య ఒబోన్, కొత్త సంవత్సరం రోజులు మాత్రం వేరు. ఆ రోజుల్లో నోజోమిలో రిజర్వు లేని పెట్టెలే ఉండవు. మిగతా రోజుల్లో రిజర్వు చేసిన రైలు తప్పిపోతే కాగితపు టికెట్టుతో అదే రోజు తర్వాతి రైల్లో రిజర్వు లేని పెట్టెలో కూర్చోవచ్చు. ముందస్తు తగ్గింపుతో కొన్న టికెట్టుకు ఆ వెసులుబాటు లేదు, రైలు తప్పితే ఆ ఎక్స్‌ప్రెస్ డబ్బు పోయినట్టే. తగ్గింపు టికెట్టు కొన్న రోజు స్టేషనుకు ముందే చేరండి.

ఇప్పుడు పాసు. పర్యాటకులు దేశమంతటా జేఆర్ రైళ్లలో తిరగడానికి అమ్మే జేఆర్ పాసు ధర 2023 అక్టోబరులో ఒక్కసారిగా పెంచారు. ఏడు రోజులది 29,650 యెన్ల నుంచి 50,000కు వెళ్లింది. లెక్క వేసి చూడండి: టోక్యో నుంచి క్యోటో నోజోమి రిజర్వు సుమారు 14,000, క్యోటో నుంచి హిరోషిమా సుమారు 12,000, హిరోషిమా నుంచి టోక్యోకు సుమారు 20,000. మొత్తం 46,000. ఇంత తిరిగినా పాసు గిట్టదు. పైగా పాసుతో నోజోమి ఎక్కాలంటే టోక్యో, షిన్-ఓసాకాల మధ్య మరో 4,960 యెన్లు కట్టాలి. వారంలో టోక్యో, క్యోటో, ఓసాకా తిరిగి వచ్చేవాళ్లకు ఏజెంటు పాసు అంటగడితే వద్దని చెప్పండి. ఒక్కో జేఆర్ కంపెనీ తన ప్రాంతానికే అమ్మే చిన్న పాసులు మాత్రం చూడదగ్గవి. ఒకే మూల నాలుగైదు రోజులు తిరిగేవాళ్లకు అవే లాభం. కొనే ముందు హద్దు ఏ స్టేషనులో ముగుస్తుందో పటంలో వేలుపెట్టి చూడండి.

రైల్లో సీట్లు ఒకపక్క ఏ, బీ, సీ, ఇంకోపక్క డీ, ఈ. టోక్యో నుంచి వెళ్లేటప్పుడు ఫూజీ కొండ కుడివైపు, అంటే E అక్షరం సీటు కిటికీలో కనిపిస్తుంది, బయల్దేరిన సుమారు ముప్పావుగంటకు, షిన్-ఫూజీ చుట్టుపక్కల. తిరిగి వచ్చేటప్పుడు కూడా E సీటే. తోపుడు బండి మీద తిండి అమ్మడం 2023 అక్టోబరు చివర ఆపేశారు. స్టేషనులోనే కొనుక్కుని ఎక్కాలి. శాకాహారులు డబ్బా భోజనం కొనేటప్పుడు జాగ్రత్త, కూరగాయలే కనిపిస్తున్నా వాటిని ఉడికించిన రసం చాలావాటిలో చేపది. పొద్దున్నే కలిపిన పులిహోర డబ్బా ఉంటే అంతకు మించింది లేదు, దూరపు రైళ్లలో తినడం తప్పుకాదు. ఊళ్లో తిరిగే రైళ్లలో మాత్రం ఎవరూ తినరు, ఫోనులో మాట్లాడరు.

సామాను పెట్టెల సంగతి మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి. తొకైదో, సాన్యో, క్యూషూ షింకాన్‌సెన్లలో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 160 సెంటీమీటర్లు దాటి 250 లోపు ఉండే పెట్టెకు ప్రత్యేక సీటు రిజర్వు చేయాలి. అది రైలు పెట్టెలో చివరి వరస, వెనక ఖాళీలో సామాను పడుతుంది. విడిగా డబ్బు లేదు. రిజర్వు చేయకుండా తెస్తే 1,000 యెన్లు వసూలు చేస్తారు. మనం విమానానికి తీసుకెళ్లే 28 అంగుళాల పెట్టెలు ఆ గీత దగ్గరే ఉంటాయి. ఇంట్లోనే చక్రాలు, పిడి కలిపి టేపుతో కొలవండి. ఇంతకన్నా హాయి, పెట్టెను అసలు మోయకపోవడం. హోటలు కౌంటర్లో తక్క్యూబిన్ అని అడిగితే ఫారం ఇస్తారు. పెట్టె ఒక్కింటికి సుమారు 2,000 నుంచి 3,000 యెన్లకు మర్నాడు తర్వాతి ఊరి హోటలుకు చేరుస్తారు. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు, పాస్‌పోర్టు వీపు సంచిలో ఉంచుకోవాలి. మధ్య స్టేషన్లలో షింకాన్‌సెన్ ఒకటి రెండు నిమిషాలే ఆగుతుంది. రెండు పెద్ద పెట్టెలు, ఇద్దరు పిల్లలతో ఆ నిమిషంలో దిగడం ఎంత కష్టమో ఆలోచించండి.

పల్లె బస్సు, ఒంటి డ్రైవరు రైలు

నగరం దాటాక ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను. జపాన్ బస్సులో కండక్టరు ఉండడు. టోక్యో నగర బస్సుల్లో ముందు తలుపులోంచి ఎక్కి, ఎక్కగానే డబ్బు కట్టి, మధ్య తలుపులోంచి దిగుతారు. క్యోటోలో వెనక ఎక్కి ముందు దిగుతారు, దిగేటప్పుడు 230 యెన్లు కడతారు. ఈ రెండింటిలోనూ ఛార్జీ ఒకటే కాబట్టి సులువు.

దూరాన్ని బట్టి ఛార్జీ మారే బస్సుల్లో మధ్య లేదా వెనక తలుపు పక్కన మోకాలెత్తులో చిన్న డబ్బా ఉంటుంది. అందులోంచి నాలుకలా బయటికి వచ్చిన చిన్న చీటీ లాక్కోవాలి, పేరు సేయిరికెన్. దాని మీద ఒక అంకె ఉంటుంది. మీరెక్కిన స్టాపుది ఆ అంకె. డ్రైవరు తలపైన ఒక పలక, దాని నిండా గళ్లు. ప్రతి గడిలో పైన అంకె, కింద ఛార్జీ. బస్సు ఒక్కో స్టాపు దాటేకొద్దీ కింది ఛార్జీలు పెరుగుతుంటాయి. మీ చీటీలో 7 ఉంటే, దిగే సమయానికి 7వ గడి కింద ఎంత ఉందో అంత కట్టాలి. చీటీ తీసుకోకపోతే బస్సు బయల్దేరిన మొదటి స్టాపు నుంచి ఛార్జీ పడుతుంది. కార్డు ఉంటే ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తాకిస్తే చాలు. కానీ ఆ జిల్లా బస్సు కంపెనీ మన కార్డు తీసుకుంటుందో లేదో తలుపు దగ్గరి గుర్తు చూసి తెలుసుకోవాలి.

డ్రైవరు పక్కనుండే డబ్బు పెట్టెలో రెండు పనులు జరుగుతాయి. పైన వెడల్పు నోరు ఛార్జీ వేయడానికి. పక్కన ఉండే సన్నటి చీలిక నోటు దూర్చి చిల్లర మార్చుకోవడానికి. పల్లె బస్సుల్లో ఛార్జీ వేసే ఆ నోరులో 500 యెన్ల బిళ్ల వేసి మిగతా వస్తుందని నిలబడితే రాదు. ముందు చిల్లర మార్చి, లెక్కపెట్టి, చీటీతో కలిపి వేయాలి. చిల్లర యంత్రం 1,000 యెన్ల నోటే తీసుకుంటుంది, ఐదు వేలు, పది వేలు తీసుకోదు. 2024 జులై 3న కొత్త నోట్లు వచ్చాయి. కొన్ని పాత యంత్రాలు కొత్త వెయ్యి నోటును గుర్తుపట్టవు. కాబట్టి పాత వెయ్యి నోట్లు దొరికితే విడిగా దాచుకోండి, 10, 50, 100 బిళ్లలకు చిన్న పర్సు పెట్టుకోండి. దిగే స్టాపు రాకముందే బటన్ నొక్కండి, బస్సు పూర్తిగా ఆగేదాకా లేవకండి. మన బస్సుల్లోలా ముందే లేచి తలుపు దగ్గరికి వస్తే డ్రైవరు మైకులో కూర్చోమంటాడు. చిల్లర మాత్రం బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందే మార్చుకుంటే వెనకవాళ్లు ఆగనక్కర్లేదు.

ఒకటి రెండు పెట్టెల పల్లె రైళ్లలోనూ ఇదే పద్ధతి. గార్డు ఉండడు, స్టేషనులో సిబ్బంది ఉండరు. మొదటి పెట్టెలో వెనక తలుపులోంచి ఎక్కి చీటీ తీసుకుని, డ్రైవరు పక్క తలుపులోంచి డబ్బు కట్టి దిగాలి. రెండో పెట్టెలో కూర్చుంటే దిగే స్టేషనులో ఆ తలుపు తెరుచుకోదు, అప్పుడు పరుగెత్తాలి. చలి ప్రాంతాల్లో తలుపు దానంతటది తెరుచుకోదు, పక్కనున్న బటన్ నొక్కాలి. అలాగే కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోయి రెండు ఊళ్లకు పోతాయి. పెట్టె నంబరు చూసి ఎక్కకపోతే సగం దారిలో వేరే లోయలోకి వెళ్లిపోతారు. ఈ లైన్లలో బండి రెండు గంటలకోటి ఉండొచ్చు. తిరుగు బండి టైము ఫొటో తీసుకున్నాకే చూడాల్సిన చోటుకు కదలండి.

రాత్రి ప్రయాణాలు, నీళ్ల మీద, గాలిలో

పడుకుని వెళ్లే రైళ్లు జపాన్‌లో దాదాపు అంతరించాయి. రోజూ నడిచేవి సన్‌రైజ్ సెటో, సన్‌రైజ్ ఇజుమో మాత్రమే. రెండూ కలిసి టోక్యోలో రాత్రి 9.50కి బయల్దేరి, తెల్లారి ఒకాయామాలో విడిపోయి, ఒకటి తకమాత్సుకు, ఇంకొకటి ఇజుమోకు వెళ్తాయి. గదులు కాక నొబినొబి అని తివాచీ పరిచిన పడక చోటు ఉంటుంది. దానికి పడక ఛార్జీ లేదు, సీటు రిజర్వేషను చాలు. నెల ముందు పదింటికి అమ్మకం తెరిచిన కాసేపటికే అయిపోతుంది. అది దొరక్కపోతే రాత్రి బస్సు. టోక్యోలో ఎక్కువ బస్సులు షింజుకులో 2016లో కట్టిన బస్తా షింజుకు నుంచి బయల్దేరతాయి. క్యోటో, ఓసాకాలకు ఎనిమిది, తొమ్మిది గంటలు. వరసకు మూడు విడివిడి సీట్లుండే బస్సుకు నాలుగు సీట్లదానికన్నా కొంత ఎక్కువైనా అదే తీసుకోండి. లైట్లన్నీ ఆర్పేస్తారు, ఫోను వెలుగు కూడా పక్కవాళ్లకు ఇబ్బందే.

ఓసాకా నుంచి బెప్పుకు రాత్రి పడవ ఉంది. సాయంత్రం ఎక్కితే పొద్దున్నే క్యూషూలో దిగుతారు, హోటలు ఖర్చు కలిసొస్తుంది, లోపల వేడినీళ్ల స్నానాల గది కూడా ఉంటుంది. చిన్న పడవల్లో హిరోషిమా దగ్గరి మియాజిమా ద్వీపానికి వెళ్లేది అందరికీ తెలిసిందే. పది నిమిషాల ప్రయాణం, 200 యెన్లు, దానికి తోడు 2023 అక్టోబరు నుంచి ద్వీపానికి వెళ్లేవాళ్ల దగ్గర 100 యెన్ల పన్ను. అక్కడ కూడా రెండు కంపెనీల రేవులు పక్కపక్కనే ఉన్నాయి. జేఆర్ పాసు ఉన్నవాళ్లు జేఆర్ పడవే ఎక్కాలి. హొక్కాయ్‌డోకు మాత్రం విమానమే నయం. టోక్యో నుంచి సప్పోరోకు గంటన్నర, రైల్లో అయితే హకొదాతే దగ్గర మారుతూ సుమారు ఎనిమిది గంటలు. చవక విమానాలు ఎక్కువగా నరిత నుంచి వెళ్తాయి, అది నగరానికి 60 కిలోమీటర్ల దూరం. క్యాబిన్ సామాను ఏడు కిలోలు దాటితే గేటు దగ్గర తూచి మరీ డబ్బు వసూలు చేస్తారు.

కారు

రైలు వెళ్లని చోట కారు మంచిదే, పైగా మనలాగే ఎడమవైపు నడుపుతారు. మన ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్టు జపాన్‌లో చెల్లుతుంది, భారత్ 1949 జెనీవా ఒప్పందంలో ఉంది కాబట్టి. ప్రభుత్వ రుసుము 1,000 రూపాయలు. పర్మిట్టుతోపాటు అసలు లైసెన్సు, పాస్‌పోర్టు కూడా కౌంటర్లో చూపించాలి. కాపీలు చూపిస్తే కారు ఇవ్వరు.

మన చేతులు అలవాటుగా చేసే తప్పులు మూడు. ఫ్రీ లెఫ్ట్ లేదు, ఎర్రలైటు ఉంటే ఎడమకు కూడా తిరగకూడదు. రైలు గేటు తెరిచే ఉన్నా పట్టాల ముందు పూర్తిగా ఆపి చూసి కదలాలి. తలకిందులుగా ఉన్న ఎర్ర త్రికోణం ఆగమని చెప్పే గుర్తు, వేగం తగ్గించి దాటేస్తే సరిపోదు, చక్రం ఆగాలి. పెట్రోలు బంకులో ఎర్ర పైపు మామూలు పెట్రోలు, పసుపు ఖరీదైన పెట్రోలు, పచ్చది డీజిలు. మన దగ్గర పచ్చ రంగు చూసి పెట్రోలనుకునే అలవాటు అక్కడ ఇంజను పాడుచేస్తుంది. దారి చూపే యంత్రంలో ఇంగ్లీషులో పేరు కొట్టడంకన్నా, చేరాల్సిన చోటి ఫోను నంబరు కొడితే తప్పకుండా చేరుస్తుంది. ఎక్స్‌ప్రెస్‌వే టోలు భారీగా ఉంటుంది. టోలు దానంతటదే కట్టే ఈటీసీ కార్డు కూడా అద్దెకు అడగండి, లేకపోతే ప్రతి టోలు దగ్గరా సరైన వరస వెతుక్కోవాలి.

ఆలస్యాలు అరుదు, కానీ వస్తే పెద్దగా వస్తాయి. తుపానుల కాలంలో, ముఖ్యంగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, ఫలానా గంట నుంచి రైళ్లు ఆపేస్తామని ఒకరోజు ముందే ప్రకటిస్తారు. అది చూసిన వెంటనే ప్రయాణం ముందుకో వెనక్కో జరపండి, ఆపేసిన రైలు టికెట్టుకు పూర్తి డబ్బు వస్తుంది. ఎక్స్‌ప్రెస్ రైలు రెండు గంటలు లేదా అంతకు మించి ఆలస్యంగా చేరితే ఎక్స్‌ప్రెస్ భాగం తిరిగి ఇచ్చేస్తారు, మూల ఛార్జీ ఇవ్వరు. గేటులో టికెట్టు మింగేయకముందే సిబ్బందికి చూపించి ముద్ర వేయించుకోవాలి.

చివరి రోజు కార్డులో మిగిలిన డబ్బు. మామూలు సుయికా తిరిగి ఇస్తే మిగిలినదాంట్లో 220 యెన్లు కోసుకుని, 500 డిపాజిట్టుతో కలిపి ఇస్తారు. ఇక్కడా హద్దు ఉంది. సుయికాను తూర్పు జేఆర్ కౌంటర్లోనే తీసుకుంటారు, ఇకోకాను పశ్చిమ జేఆర్ కౌంటర్లోనే. టోక్యోలో కార్డు కొని ఓసాకా కాన్సాయ్ విమానాశ్రయం నుంచి ఇంటికి బయల్దేరితే అక్కడ ఎవరూ తీసుకోరు. అప్పుడు స్టేషను పక్క దుకాణంలో పిల్లలకు బిస్కెట్లో, దారికి నీళ్లో కొని, కౌంటర్లో ముందు కార్డులో ఉన్నదంతా తీసుకోమని, తక్కువైనది చిల్లరగా ఇస్తానని చెప్పండి. పర్సులో మిగిలిన 10 యెన్ల బిళ్లలు కూడా అక్కడే ఖర్చయిపోతాయి.